ఈ బొమ్మ ఎవరు వేశారు?

రాత్రి తొమ్మిదిన్నర. స్టేషనరీ కొట్టు షట్టరు సగం దిగింది. ఒకాయన బండి దిగకుండానే లోపలికి తొంగిచూసి అడిగాడు.

“అన్నా, సౌర కుటుంబం ఉందా?”

“రెడీమేడా, కిట్టా?”

“రేపు పొద్దున్నే ఇవ్వాలంటన్నా.”

“అయితే రెడీమేడ్ పట్టుకెళ్లండి. కిట్టయితే మీకు ఇవాళ నిద్రుండదు. ఏ క్లాసు?”

“మూడు.”

నల్ల రంగు పూసిన థర్మోకోల్ పలక, తీగలకు గుచ్చిన రంగు బంతులు, శనిగ్రహానికి వలయంతో సహా. అడుగున పేరు, క్లాసు, సెక్షను రాసుకోవడానికి తెల్ల చీటీ. రీఫిల్ కోసం వెళ్లిన నేను గోడకేసి చూశాను. అగ్నిపర్వతం, గాలిమర, ఇగ్లూ, ఊపిరితిత్తులు వరసగా వేలాడుతున్నాయి. తెల్లారితే ఇవన్నీ ఏదో ఒక బడి గోడకెక్కుతాయి. ఆ మూడో తరగతి పాపది ఆ సౌర కుటుంబంలో ఉన్నదల్లా చీటీ మీది పేరు. దస్తూరి బాగుండాలని అదీ వాళ్లమ్మే రాసిపెట్టిందేమో.

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లల చేత బొమ్మలు వేయించడం, మట్టి పిసికించడం, కాగితాలు కత్తిరించి అతికించడం గురించి లోకం నూట పాతికేళ్లుగా మాట్లాడుతూనే ఉంది. చిత్రకారులు మాట్లాడారు, మనస్తత్వ శాస్త్రవేత్తలు మాట్లాడారు, గాంధీ మాట్లాడాడు, ప్రభుత్వ కమిటీలు మాట్లాడాయి, ఈమధ్య గణాంకాలవాళ్లూ దిగారు. అందరి మాటలూ ఒకచోట పోగేసి చూస్తే తగువంతా ఒక్కదాని చుట్టూనే తిరుగుతున్నట్టు నాకు తోస్తుంది. పిల్లల పనిలో పెద్దవాళ్ల చెయ్యి ఎంతవరకు పెట్టొచ్చు?

మొదట్లో ఆ తగువే లేదు. డ్రాయింగంటే నకలు. మాస్టారు బోర్డు మీద కుండ వేస్తారు, పిల్లలు పుస్తకంలో కుండ వేస్తారు, ఎవరి కుండ మాస్టారి కుండకు దగ్గరగా ఉంటే వాడికి మార్కులు. దాని వారసత్వమే మన ‘సీనరీ’. రెండు కొండలు, మధ్యన సగం సూర్యుడు, కిందికి ఏరు, పక్కన పెంకుటిల్లు, ఒంగిన కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి పక్షులు. దివిసీమలో కనుచూపు మేర కొండన్నదే ఉండదు. అక్కడి నాలుగో తరగతి పిల్లాణ్ని ‘నీకు నచ్చిన బొమ్మ వెయ్యరా’ అంటే అవే రెండు కొండలు వేస్తాడు. వాడి ఇంటి వెనక రొయ్యల చెరువుంది. దాంట్లో నీళ్లు చిమ్ముతూ ఏరియేటర్లు తిరుగుతుంటాయి. కొంగలు వాలకుండా చెరువంతా దారాలు లాగి కట్టి ఉంటాయి. ఆ బొమ్మ మాస్టారు ఎన్నడూ బోర్డు మీద వెయ్యలేదు కాబట్టి వాడూ వెయ్యడు.

ఈ నకలు పద్ధతి మీద మొదట తిరగబడ్డవాళ్లలో ఫ్రాంజ్ చిజెక్ పేరు పెద్దది. 1897లో వియన్నాలో ఆయన పిల్లల కోసం చిత్రకళ తరగతి తెరిచాడు. నేను నేర్పను, వాళ్లను ఎదగనిస్తాను అన్నది ఆయన వాదం. ఆ పిల్లల బొమ్మలు దేశదేశాల్లో ప్రదర్శనలకు వెళ్లాయి, జనం ముచ్చటపడ్డారు. తర్వాత కొందరు విమర్శకులు నిదానంగా చూసి ఓ మాటన్నారు: ఎవరికి వాళ్లు స్వేచ్ఛగా వేసిన బొమ్మలైతే అన్నీ ఒకే వియన్నా పోకడలో ఎందుకున్నాయి? చెయ్యి పెట్టనన్నాయన చెయ్యి కూడా ఎక్కడో పడిందన్నమాట. ఈ రంగంలో నాకు బాగా నచ్చే వెక్కిరింపు ఇదే.

జపాన్‌లో యమమోతో కనాయె అనే చిత్రకారుడు 1919లో నగానో ప్రాంతపు పల్లె బడి పిల్లల స్వేచ్ఛా చిత్రాలు ప్రదర్శించి, బడి పుస్తకంలో అచ్చేసిన బొమ్మల్ని చూసి దింపించే పద్ధతికి ఎదురు నిలిచాడు. ఆ గాలి అక్కడ వృథాగా పోలేదు. జపాన్ ప్రాథమిక బడుల్లో బొమ్మలు వెయ్యడం, వస్తువులు చెయ్యడం కలిపి ఇవాళ్టికీ ఒక పూర్తి సబ్జెక్టు. మన పిల్లలు కూడా వాడే ఆయిల్ పాస్టెళ్లు 1920ల్లో ఆ దేశంలోనే పుట్టాయి.

ఆ తర్వాత విక్టర్ లోవెన్‌ఫెల్డ్. ఆస్ట్రియాలో పుట్టి, నాజీల బారి నుంచి తప్పించుకుని అమెరికా చేరినవాడు. 1947లో అచ్చయిన ఆయన పుస్తకం రెండు తరాల టీచర్లకు పాఠ్యగ్రంథం. అందులో ఓ పిట్ట కథ ఉంది, నిజంగానే పిట్ట కథ. ఒక పిల్ల తన మానాన పిట్టల్ని వేసింది, ఒక్కోటి ఒక్కో తీరు. తర్వాత బడిలో వర్కుబుక్కు ఇచ్చి, అచ్చేసిన పిట్టలకు రంగులు నింపమన్నారు. ఆపైన మళ్లీ సొంతంగా పిట్టను వెయ్యమంటే ఆ పిల్ల చేతి నుంచి వర్కుబుక్కు పిట్టే వచ్చింది. మన కాన్వెంటు బళ్లలో ఎల్‌కేజీ నుంచే కొనిపించే కలరింగ్ పుస్తకాల దొంతర చూసినప్పుడల్లా నాకు ఆ పిట్ట గుర్తొస్తుంది.

మన దేశంలో ఈ ఆలోచన రెండు దారుల్లో వచ్చింది. ఒకటి శాంతినికేతన్ దారి. 1919లో కళాభవన్ మొదలయ్యాక నందలాల్ బోస్ చేతిలో అది ఒక రూపు కట్టింది. రెండోది వార్ధా దారి. 1937 అక్టోబరులో అక్కడ జరిగిన విద్యా సదస్సులో గాంధీ చేతిపనిని చదువుకు మూలంగా పెట్టాడు. ఈయనకు బొమ్మల గోల ఎందుకనుకుంటాం గానీ, ‘సత్యశోధన’లో తన పాడు దస్తూరి గురించి వాపోతూ, పిల్లలకు అక్షరాల కంటే ముందు బొమ్మలు గీయడం నేర్పాలని ఆయనే రాసుకున్నాడు. ఈ రెండు దార్లూ కలిసిన మనిషి దేవీ ప్రసాద్. శాంతినికేతన్‌లో నందలాల్ దగ్గర చదివి, 1944లో సేవాగ్రామ్ బడికి చిత్రకళ టీచరుగా వెళ్లాడు. పల్లెటూరి పిల్లలతో గడిపిన ఆ ఏళ్లనే తర్వాత పుస్తకం చేశాడు. విదేశీ పేర్లు వల్లించే మన శిక్షణ తరగతుల్లో ఆయన పేరు వినపడకపోవడం నాకు బాధ. ఆయన సంగతి అటుంచి, ‘రైలుబడి’ పేరుతో మనం చదువుకున్న జపాన్ పిల్ల టొట్టొచాన్ కథలో పిల్లలు హాలు నేలంతా సుద్దముక్కలతో గీసి, తర్వాత తామే తుడుచుకునే ఘట్టం టీచర్లందరికీ గుర్తే. గుర్తుండీ మన పిల్లలకు నేల ఇవ్వం. అదేం చిత్రమో.

పిల్లలు ఏ వయసులో ఎలా గీస్తారన్నది బాగా తవ్విన భూమి. రెండేళ్లప్పుడు పిచ్చిగీతలు. నాలుగేళ్లొచ్చేసరికి తలకాయ నుంచే కాళ్లు మొలిచిన మనిషి. ఆరేడేళ్లకు కాగితం అడుగున ఓ నేల గీత, దాని మీద ఇల్లు, చెట్టు, అమ్మ. అమ్మ ఇంటికంటే పొడుగు ఉన్నా ఎవరికీ అభ్యంతరం లేదు. ఓసారి ఒక బడిలో రెండో తరగతి పాప వేసిన బస్సు చూశాను. బస్సు గోడలోంచి సీట్లు కనపడుతున్నాయి, సీట్లలో మనుషులు, మనుషుల ఒళ్లో సంచులు, సంచుల్లో టమాటాలు.

“సంచీలో టమాటాలు బయటికెలా కనపడతాయే?” అంది టీచరు, నవ్వాపుకుంటూ.

“లోపలున్నాయి కదా టీచర్!” అంది పాప, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

కంటికి కనపడేది కాదు, తెలిసినదే పిల్లలు గీస్తారని లూకే అనే ఫ్రెంచి పండితుడు 1927లో పుస్తకమే రాశాడు. టమాటాల పాప దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది.

ప్రమాదం తొమ్మిది, పదేళ్ల దగ్గరుంది. అప్పటిదాకా అడక్కుండా గీసిన పిల్లలు నాలుగో తరగతి దాటుతుంటే ‘నాకు రాదు టీచర్’ అనడం మొదలుపెడతారు. చూసింది చూసినట్టు రావాలన్న కోరిక పుడుతుంది, చెయ్యి అంత దూరం వెళ్లదు. గుర్రం వేస్తే కుక్కలా ఉంటుంది, పక్కవాడు నవ్వుతాడు. చెయ్యి పెట్టకూడదన్న సిద్ధాంతం ఇక్కడ పనికిరాదని నా అభిప్రాయం. అప్పుడు నేర్పాలి. బొమ్మను దిద్దకుండా చూడ్డం నేర్పాలి. మోకాలు ఎటు మడుస్తుందో లేచి నడిచి చూసుకో అనాలి. ఆ సమయంలో పిల్లల్ని వాళ్ల స్వేచ్ఛకు వదిలేశామని చెప్పుకునే టీచరు నిజానికి వాళ్లను నడి ఏట్లో వదిలేస్తున్నట్టే. మనలో ‘నాకు బొమ్మలు రావు’ అనే పెద్దవాళ్లు చాలామంది ఆ నాలుగో తరగతి దగ్గర ఆగిపోయినవాళ్లే.

ఇక పోటీలు. 1949లో కార్టూనిస్టు శంకర్ మొదలుపెట్టిన పిల్లల చిత్రలేఖన పోటీ దేశాల హద్దులు దాటి పెద్దదయింది, మేలే చేసింది. దాని పిల్ల పోటీల గురించే నా దిగులు. ఆగస్టు పదిహేనుకొకటి, పర్యావరణ దినానికొకటి, ట్రాఫిక్ పోలీసులది ఇంకొకటి. ‘చెట్లను కాపాడండి’ అంటే అన్ని బొమ్మల్లోనూ భూగోళాన్ని మోస్తున్న రెండు చేతులే. బహుమతి ఆశ పెడితే ఏమవుతుందో 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు పరిశోధకులు చూశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వెయ్యడం సరదాగా ఉండే నర్సరీ పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. వారం, రెండు వారాల తర్వాత అవే పెన్నులు ఊరికే బల్ల మీద పెట్టి చూస్తే, ముందే ఆశ చూపిన పిల్లలు వాటితో గడిపింది మిగతావాళ్లలో దాదాపు సగం సేపే. గ్రేడూ మార్కూ లేని పీరియడ్ వారానికి ఒకటైనా ఉండాలని నేను మొండికెయ్యడానికి ఆ సర్టిఫికెట్లే కారణం.

చట్టం సంగతి చిత్రమైనది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళ, వ్యాయామం, చేతిపనులకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని ఉంది. ఒకటి నుంచి ఐదు దాకా? అరవై మంది వరకు ఇద్దరు టీచర్లు, ఆపైన లెక్క ప్రకారం. కళ ఊసే లేదు. అంటే చెయ్యి బాగా తిరిగే వయసులో డ్రాయింగ్ టీచరు లేడు, ‘నాకు రాదు’ అని చేతులెత్తేశాక వస్తాడు, అదీ వస్తే. కాబట్టి ప్రాథమిక బడిలో కళంటే సెకండరీ గ్రేడ్ టీచరే. ఒకే గదిలో రెండు మూడు తరగతుల్ని కూర్చోబెట్టుకుని తెలుగు, లెక్కలు, ఇంగ్లిషు, ఈవీఎస్, మధ్యాహ్న భోజనం, యాప్‌లో ఫొటోలు అన్నీ చూసుకునే మనిషే.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళను బడిలో మొక్కుబడి చెయ్యొద్దంది. 2020 విద్యావిధానం కళతో కలిపి పాఠాలు చెప్పమంది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి ‘బాంసురి’ పేరుతో ఏకంగా కళలకో పుస్తకమే తెచ్చింది. ఇవన్నీ మంచి కాగితాలే. కానీ ‘కళతో కలిపి’ అన్న మాట తరగతిలోకి వచ్చేసరికి ఏమవుతోందంటే, లెక్కల చార్టుకు పువ్వుల బోర్డరు వేస్తే కళ కలిసినట్టు లెక్క. బోధన సామగ్రి (టీఎల్‌ఎం) మేళాలకు వెళ్లి చూడండి. టీచర్లు రాత్రుళ్లు కూర్చుని చేసిన అట్టల గడియారాలు, కదిలే సీతాకోకచిలకలు మిలమిలలాడుతుంటాయి. ఆ పనితనానికి దండం పెట్టాలి. పిల్లలు మాత్రం ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని చూస్తుంటారు.

మరి ఆ టీచరుతోనే, ఆ గదిలోనే ఏం జరుగుతుంది? జరిగేవి చాలానే ఉన్నాయి, మన ఊళ్లలోనే ఉన్నాయి. ముగ్గుంది. చుక్కలు లెక్కపెట్టాలి, వరసకు తగ్గించాలి, ఇటు తిప్పిన గీత అటూ తిప్పాలి. సౌష్ఠవం గురించి ఐదో తరగతి లెక్కల పుస్తకం చెప్పేదంతా వాకిట్లో ఉంది. ఆడపిల్లల పనని మగపిల్లల్ని ముగ్గుపిండి దగ్గరికి రానివ్వని టీచర్లున్నారు, వాళ్లు ఆ పట్టు కాస్త సడలిస్తే సగం తరగతి బాగుపడుతుంది. మట్టి ఉంది. కర్నూలు వైపు పల్లెల్లో జ్యేష్ఠ అమావాస్యకు మట్టి ఎద్దులు చేసి పూజిస్తారు. ఆ ఊళ్ల పిల్లలకు మూపురం ఎక్కడ మొదలవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉత్త నల్లరేగడితో చేస్తే ఆరేటప్పుడు బీటలు వారుతుంది, కాస్త ఇసుక కలపాలి. కాళ్లు విడిగా చేసి అతికిస్తే ఊడిపోతాయి, ముద్దలోంచే లాగాలి. తాటాకు గిలకలు, ముంజెకాయల బండి, కొబ్బరాకు పాము గురించి చెప్పక్కర్లేదు. వాటిని నేర్పడానికి టీచరు కంటే పిల్లల తాతే మెరుగు. పనికిరాని వస్తువులతో ఆటబొమ్మలు చేయించే అరవింద్ గుప్తా అగ్గిపుల్లలకు సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు తొడిగి త్రిభుజాలు, పెట్టెలు కట్టించిన పద్ధతి కూడా ఈ కోవలోదే. పారేసే వస్తువు దొరికితే చాలు, పిల్లలకు కొట్టుతో పనిలేదు.

వీటన్నిటిలో నన్ను పట్టేసుకున్నది మాత్రం పటం. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద వేసే పటాలు గోడకు తగిలించుకునే అలంకారంగా పుట్టలేదు. కథ చెప్పే కళాకారులు ఒక్కో కులానికి దాని పురాణం పాడుతూ, చుట్టను కొద్దికొద్దిగా విప్పుతూ, బొమ్మ బొమ్మకూ కథ చెప్పడానికి పుట్టాయి. ఎర్రటి నేపథ్యం, అడ్డంగా గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. గుడ్డకు చింతగింజల జిగురు, తెల్లమట్టి కలిపి పూస్తారు. ఇద్దరు టీచర్లున్న ఓ పల్లె బడిలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఆ పద్ధతిలో తమ ఊరి పటం చేస్తుంటే నేను మూడు శనివారాలు వెళ్లి కూర్చున్నాను.

పాత తెల్ల పంచె తెచ్చారు, నిలువునా రెండుగా చింపారు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానేసి రుబ్బిన పిండిని మధ్యాహ్న భోజనం వండే అక్క పొయ్యి మీదే కాచిపెట్టింది. మొదటిసారి పల్చనైంది, గుడ్డ నిలవలేదు. మిగిలింది దాచిపెడితే మూడో రోజుకు గది కంపు కొట్టింది. పుస్తకాలు బైండు చేసేవాళ్లు జిగురు చెడకుండా మైలుతుత్తం కలుపుతారు, పిల్లల దగ్గర ఆ విషం పనికిరాదు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకోవడం మొదలుపెట్టారు. సుద్దముక్కలు నూరి అందులో కలిపి పూస్తే గుడ్డ బిగిసి, పలకలా అయింది.

రంగులకు ఎర్రమట్టి, బొగ్గు, బట్టల నీలిమందు, పసుపు. పసుపులో టీచరు తమలపాకు సున్నం చిటికెడు కలిపితే ఎర్రగా మారింది. గదంతా కేక. పారాణి అలాగే చేస్తారని ఒకమ్మాయి వెనక నుంచి అరిచింది. ఆకు పసరు మాత్రం వారానికే గోధుమరంగుకి తిరిగింది, పసుపు ఎండకు వెలిసింది. అదొక పాఠమని టీచరు ఎవరికీ చెప్పలేదు. పిల్లలే పటాన్ని కిటికీ పక్క నుంచి తీసి లోపలి గోడకు మార్చారు.

ఏ గడిలో ఏం వెయ్యాలో తేల్చుకోవడానికి ఒక శనివారం పట్టింది. రామాలయం, వాటర్ ట్యాంకు కావాలని అందరూ అన్నారు. ఒకడు బోరు ఎండిపోయిన రోజు వేస్తానన్నాడు. ఇంకొకడు తన గడిని మొత్తం బొగ్గుతో నింపేశాడు. టీచరు నోటి దాకా మాట వచ్చినట్టు నాకు కనపడింది, చుక్కలైనా పెట్టరా అని. మింగేసి అడిగారు.

“దీని గురించి చెప్పు నాన్నా.”

“కరెంటు పోయిన రాత్రి టీచర్. మా తాత మంచం మీదున్నాడు. చీకట్లో కనపడట్లేదంతే.”

‘ఇదేంటి?’ అని అడిగితే పిల్లాడు తప్పు చేశాననుకుంటాడు. ‘బాగుంది’ అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. ‘చెప్పు’ అంటే తాత బయటికొస్తాడు. శిక్షణ తరగతుల్లో మూడు రోజులు చెప్పేదాన్ని ఈ మూడు మాటలకు కుదించొచ్చని ఆ మధ్యాహ్నం అనిపించింది.

ఇదంతా చేస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయా అని తల్లిదండ్రులు అడుగుతారు, అడగడం వాళ్ల హక్కు. నిజాయితీ గల జవాబు ఏమంటే, పెరుగుతాయని గట్టిగా చెప్పడానికి ఆధారాలు లేవు. ఎలెన్ విన్నర్ బృందం 2000లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, బొమ్మలు వేస్తే చదువు పెరుగుతుందన్న వాదనకు నికరమైన రుజువు దొరకలేదంది. కళను అమ్ముకోవడానికి లెక్కల మార్కులు తాకట్టు పెట్టొద్దన్నదే వాళ్ల హితవు కూడా. 2019లో బోవెన్, కిసిడా హ్యూస్టన్ నగరంలో 42 బడులు తీసుకుని, లాటరీ వేసి కొన్నిటికి కళల కార్యక్రమాలు అదనంగా ఇచ్చి చూశారు. పదివేల మందికి పైగా పిల్లలు, చిత్రలేఖనంతో పాటు నాటకం, సంగీతం, నాట్యం కూడా. అల్లరికి శిక్ష పడ్డ పిల్లల శాతం 3.6 పాయింట్లు తగ్గింది, రాతలో మార్కులు పెరిగాయి, ఎదుటివాడి మీద కనికరం కాస్త పెరిగింది. లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మన పిల్లల రాత అంటే గైడులోంచి దింపడమే అయిపోయిన రోజుల్లో, సొంతంగా నాలుగు వాక్యాలు రాసే బలం వస్తే అది నాకు చాలు. బొగ్గు గడి పిల్లాడు ఆ తర్వాతి వారం తాత గురించి పేజీన్నర రాశాడు. ఇది రుజువు కాదు, నేను చూసింది మాత్రమే.

అడ్డంకి డబ్బు కాదు. ఆ పటం మొత్తానికి అయిన ఖర్చు థర్మోకోల్ సౌర కుటుంబంలో సగం కూడా లేదు. అడ్డంకి గడియారం. నలభై నిమిషాల పీరియడులో పరచడానికి పది, తుడవడానికి పది పోతే, తడి ఆరే లోపు గంట కొడతారు. రెండు పీరియడ్లు కలిపి ఇవ్వాలి, సిలబస్ వెనకబడితే మొదట ఎగిరిపోయేది ఇదే కాకుండా చూడాలి. ఆరేసుకోవడానికి దండెం తాడు, దాచుకోవడానికి పిల్లాడి ఎత్తులో ఒక అర. అంతకు మించి ప్రధానోపాధ్యాయుణ్ని నేను ఏమీ అడగను.

పటం పూర్తయిన శనివారం కొత్త గొడవ లేచింది. ఏడాది చివర ఇది ఎవరిది? నాలుగో తరగతి వాళ్లు బళ్లోనే ఉండాలన్నారు. ఐదో తరగతి వాళ్లు హైస్కూలుకి వెళ్లిపోతున్నాం, మా గళ్లు మాకు కత్తిరించి ఇవ్వాలన్నారు. రామాలయం గడి ఇద్దరు కలిసి వేశారు, అందులో ఒకడు నాలుగు, ఒకడు ఐదు. టీచరు వైపు తిరిగి అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ఆవిడ కత్తెర తీసి బల్ల మీద పెట్టి, వంట గదిలో పని చూసుకొస్తానని వెళ్లిపోయారు. నా బస్సుకు టైమైంది. నేను బయల్దేరేసరికి కత్తెర ఇంకా బల్ల మీదే ఉంది, చుట్టూ పన్నెండు మంది.